శోధన వచ్చినప్పుడు ఏం చేయాలి? విశ్వాసి వేయాల్సిన అడుగులు

ఆదివారం ఆరాధనలో చేతులెత్తి పాడినవాళ్ళే మంగళవారం రాత్రి గది తలుపు వేసుకుని, చేయకూడదని తెలిసిన పనే చేసి, ఆ తర్వాత దేవుడికి ముఖం చూపించలేక ప్రార్థన మానేస్తుంటారు. యవ్వనస్థుల కూటాల్లోనూ, గృహ ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగి మాట్లాడుకునేటప్పుడూ ఎక్కువగా వినిపించే బాధ ఇదే. "ప్రార్థన చేయి, వాక్యం చదువు" అని అందరూ చెబుతారు. అది నిజమే. కానీ రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేతిలో ఉండి మనసు లాగేస్తున్నప్పుడు సరిగ్గా ఏం చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. శోధనకు, అంటే పాపం వైపు లాగే ఆ లాగుడుకు, బలం దాచిపెట్టడంలో ఉంది. ఎవరికీ తెలియకుండా, ఒక్కళ్ళమే, మనసులోనే పోరాడాలనుకుంటే మళ్ళీ మళ్ళీ ఓడిపోతాం. ముందే ఏర్పాట్లు చేసుకుని, సమయానికి ఆ చోటు వదిలి, నమ్మకమైన ఒక మనిషికి చెప్పుకునేవాళ్ళు నిలబడతారు. కింద చెప్పినవన్నీ ఆ మూడు పనులు ఎలా చేయాలో చెప్పేవే.

మొదట, శోధన రావడమే పాపం అనుకోకండి

చెడు ఆలోచన వచ్చిందంటే అప్పటికే పడిపోయామని చాలామంది అనుకుంటారు. "ఎలాగూ పాడైపోయాను కదా" అని మిగతాది కూడా చేసేస్తారు. ఈ ఒక్క అపోహ వల్ల ఓడిపోయేవాళ్ళు ఎంతోమంది.

యేసు ప్రభువు కూడా శోధింపబడ్డాడు. సమస్త విషయాల్లోనూ మనలాగే శోధింపబడినా ఆయన పాపం లేనివాడని హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం చెబుతుంది. అంటే శోధన వేరు, పాపం వేరు. యాకోబు పత్రిక 1వ అధ్యాయం ఇంకా వివరంగా చెబుతుంది: మనిషి తన దురాశ చేత ఈడ్వబడి మరులుకొల్పబడతాడు, ఆ దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, ఆ పాపం పరిపక్వమై మరణాన్ని కంటుంది. ఈ వరుసలో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సమయం ఉంది. ఆలోచన వచ్చిన క్షణానికీ, పని జరిగే క్షణానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే మీరు చేయాల్సిందంతా ఉంది.

కాబట్టి ఆలోచన రాగానే కంగారుపడకండి. "ఇది శోధన. నేనింకా పడలేదు" అని మీకు మీరే పైకి చెప్పుకోండి. చిన్న పనే, కానీ చాలా పనిచేస్తుంది.

మీ శోధన ఎప్పుడొస్తుందో రాసి పెట్టుకోండి

ఒక వారం పాటు ఒక చిన్న పుస్తకంలో నాలుగు విషయాలు రాయండి: ఎన్ని గంటలకి, ఎక్కడ, అప్పుడు పక్కన ఎవరున్నారు, అంతకుముందు గంటలో ఏం జరిగింది. జరిగిన తప్పు గురించి వివరంగా రాయనక్కర్లేదు, ఈ నాలుగూ చాలు. వారం తిరిగేసరికి మీకే అర్థమవుతుంది, అది ఎప్పుడు పడితే అప్పుడు రావడం లేదని. నైట్ డ్యూటీ నుంచి వచ్చి నిద్ర పట్టని ఉదయాలు. భార్యతో గొడవపడి బయటికి వచ్చిన సాయంత్రాలు. జీతం పడిన రోజు. గల్ఫ్‌లో పనిచేసుకుంటూ కుటుంబానికి దూరంగా ఉన్నవాళ్ళకైతే సెలవు రోజు, పని లేక గదిలో ఖాళీగా కూర్చున్న మధ్యాహ్నం. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి ఇంకోలా ఉంటుంది. తోడికోడలు కొత్త గాజులతో వచ్చి వెళ్ళాక మనసులో రగిలే అసూయ, ఆ వెంటనే అక్కకి ఫోన్ చేసి ఆమె గురించి లేనిపోనివి చెప్పాలనిపించడం. అది కూడా శోధనే. పాపమంటే తాగుడూ వ్యభిచారమే అన్నట్టు మన సంఘాల్లో మాట్లాడుకుంటాం కానీ, పౌలు గలతీయులకు రాసిన శరీర కార్యాల జాబితాలో కలహాలు, మత్సరాలు, క్రోధాలు కూడా ఉన్నాయి.

ఆకలి, అలసట, కోపం, ఒంటరితనం. ఈ నాలుగింటిలో ఒక్కటైనా మీరు రాసుకున్న దాంట్లో కనిపిస్తుంది. శోధకుడు యేసు దగ్గరకు ఎప్పుడొచ్చాడో చూడండి: నలభై రోజులు ఉపవాసముండి ఆయన ఆకలిగొన్నప్పుడు, అరణ్యంలో ఒంటరిగా ఉన్నప్పుడు. ఇంకోటి కూడా గమనించండి. అది యొర్దాను నదిలో బాప్తిస్మం జరిగి, ఆకాశం నుంచి తండ్రి స్వరం వినిపించిన తర్వాతే. గొప్ప ఆత్మీయ అనుభవం వెనకాలే శోధన వచ్చింది. మూడు రోజుల సభలు అయిపోయిన మర్నాడు, ఉపవాస ప్రార్థన ముగించిన రాత్రి "ఇక నాకేం కాదు" అనే ధీమా వస్తుంది చూడండి, జాగ్రత్త పడాల్సింది అప్పుడే.

దావీదుకి ఎన్నిసార్లు తప్పించుకునే అవకాశం వచ్చిందో చూడండి

2 సమూయేలు 11వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు ఇవాళే తీసి మెల్లగా చదవండి. శోధన ఎలా నడుస్తుందో ఇంత స్పష్టంగా చూపించిన చోటు బైబిల్లో ఇంకోటి లేదనిపిస్తుంది నాకు.

రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం అది. దావీదు యోవాబును పంపి తను యెరూషలేములో ఉండిపోయాడు. ఇది మొదటి చోటు. ఇంకా ఏ తప్పూ జరగలేదు, ఉండాల్సిన చోట లేడు, అంతే. ప్రొద్దుగూకే వేళ పడక మీది నుంచి లేచి మిద్దె మీద నడుస్తున్నాడు. స్నానం చేస్తున్న ఒక స్త్రీ కనబడింది. కంటబడటం అతని చేతిలో లేదు. కిందికి దిగి రావడం అతని చేతిలో ఉంది. దిగలేదు. మనిషిని పంపి ఆమె ఎవరో విచారించాడు. ఇక్కడ కూడా దారి మూసుకుపోలేదు. పైగా ఆ వచ్చిన జవాబే ఒక హెచ్చరిక: ఏలీయాము కూతురు, హిత్తీయుడైన ఊరియా భార్య. ఊరియా పేరు దావీదు పరాక్రమశాలుల జాబితాలో ఉంది, అదే పుస్తకం 23వ అధ్యాయంలో. తన కోసం ప్రాణం పెట్టి యుద్ధం చేస్తున్న మనిషి భార్య అని తెలిశాక కూడా మళ్ళీ మనుషులను పంపి పిలిపించుకున్నాడు.

ఉండిపోవడం, నడవడం, చూడటం, విచారించడం, పిలిపించడం. ప్రతి చోటా ఆగే వీలుంది. మొదట్లో ఆగడం తేలిక, చివర్లో చాలా కష్టం. "సహింపగలుగుటకు ఆయన శోధనతోకూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును" అని 1 కొరింథీయులకు 10:13 చెప్పే మార్గం ఏదో ఆఖరి క్షణంలో ఆకాశం నుంచి దిగే అద్భుతమని అనుకుంటాం. ఎక్కువసార్లు అది చాలా ముందే, చాలా మామూలుగా, మిద్దె దిగే మెట్లలా ఎదురుగానే ఉంటుంది.

ఇప్పుడు మీ పుస్తకం తీసి, మీరు పడిపోయిన ఒక సందర్భాన్ని ఇలాగే వెనక నుంచి ముందుకు రాయండి. మీ మిద్దె ఏది? అక్కడికి ఎలా వెళ్ళారు? దాని పక్కన ఒక గీత గీయండి. ఇక నుంచి మీ పోరాటం ఆ గీత దగ్గర, ఆఖరి మెట్టు దగ్గర కాదు.

ముందే ఏర్పాట్లు చేసుకోండి

"శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి" అంటాడు పౌలు రోమా 13:14లో. క్రీ.శ. 386లో మిలాను నగరంలో ఒక తోటలో, తర్వాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీను చదివి మారిపోయింది ఈ వాక్యభాగం దగ్గరే. ఏళ్ళ తరబడి "రేపు మారతాను, రేపు మారతాను" అంటూ వచ్చిన మనిషి ఆయన. పౌలు మాట మనకెలా వర్తిస్తుందంటే, పాపానికి వీలుగా ఉన్న ఏర్పాట్లను తీసేయాలి, తప్పించుకోవడానికి వీలుగా కొత్తవి పెట్టుకోవాలి.

ఫోన్ విషయంలో మొహమాటం వద్దు. రాత్రి పదింటికి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి పడుకోండి. అలారం కోసమని దిండు కింద పెట్టుకోవద్దు, ఒక చిన్న అలారం గడియారం కొనుక్కోండి. పడేస్తున్న యాప్ ఏదైతే దాన్ని ఫోల్డర్లో దాచడం కాదు, తీసేయండి, అకౌంట్ కూడా మూసేయండి. బెట్టింగ్ యాప్‌ల్లో డబ్బులు పోగొట్టుకుంటున్నవాళ్ళు ఇంకో అడుగు వేయాలి. జీతం పడే ఖాతా సంగతి భార్యకో, తండ్రికో, అన్నకో పూర్తిగా తెలియాలి. ఎంత పోయిందో, ఎవరి దగ్గర ఎంత అప్పుందో కాగితం మీద రాసి వాళ్ళ చేతికివ్వండి. ఆ కాగితం ఇవ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ అది ఇవ్వకుండా చేసిన ఏ తీర్మానమూ నిలవగా నేను చూడలేదు.

తాగుడు మానినవాళ్ళకి పెళ్ళిళ్ళు, పండగలు, ఆఫీసు పార్టీలు గండం. వెళ్ళకుండా ఉండలేని పెళ్ళయితే, తాగని ఒక మనిషిని వెంట తీసుకెళ్ళండి, సొంత బండి మీద వెళ్ళండి, భోజనం చేసి బయల్దేరిపోండి. "కాసేపు ఉండు బావా" అని చేయి పట్టుకుంటారని ముందే తెలుసు కాబట్టి, ఏం చెప్పి బయటపడాలో ఇంట్లోనే అనుకుని వెళ్ళండి.

ఆఫీసులో కవరు చేతికొచ్చే ఉద్యోగమైతే, తీసుకోవాలా వద్దా అనేది కవరు ఎదురుగా ఉన్నప్పుడు తేల్చుకునే విషయం కాదు. ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని, జీతంలోనే ఎలా బతకాలో లెక్క వేసుకోండి. పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ, అన్నీ. ఆ లెక్క లేకపోతే ఎంత భక్తిపరుడికైనా నెలాఖరులో చేయి వణుకుతుంది.

పెళ్ళయినవాళ్ళు ఆఫీసులో ఎవరితోనైనా రాత్రిపూట చాటింగ్ మొదలుపెట్టి ఉంటే, "స్నేహమే కదా" అని సర్దిచెప్పుకోకండి. ఆ చాట్ మీ జీవిత భాగస్వామి చదివితే ఇబ్బంది పడతారా? పడతారంటే ఇవాళే ఆపేయండి.

వాక్యాన్ని సిద్ధంగా ఉంచుకోండి

అరణ్యంలో యేసు మూడు శోధనలకూ మూడుసార్లూ "అని వ్రాయబడియున్నది" అనే జవాబిచ్చాడు. ఆ మూడు మాటలూ ద్వితీయోపదేశకాండము నుంచే, 6, 8 అధ్యాయాల్లోవే. ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఆకలికి సణిగిన చరిత్ర చెప్పే భాగం నుంచి, అరణ్యంలో ఆకలితో ఉన్న ఆయన జవాబు తీశాడు: "మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదుగాని దేవుని నోటనుండి వచ్చు ప్రతిమాటవలనను జీవించును." తనకొచ్చిన శోధనకి సరిగ్గా తగిన మాట. ఏదో ఒక వచనం చదివేయడం కాదు.

ఇదే పద్ధతిని 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో సన్యాసిగా బతికిన ఎవాగ్రియస్ అనే ఆయన చాలా దూరం తీసుకెళ్ళాడు. మనిషిని పట్టి లాగే చెడు తలంపులను ఎనిమిది రకాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఎదురు చెప్పడానికి బైబిలు నుంచి దాదాపు 500 మాటలు ఏర్చి రాసిపెట్టాడు. మీకు అన్ని అక్కర్లేదు. మూడు చాలు, కానీ అవి మీ శోధనకి సరిపోయేవి కావాలి.

చూపు విషయంలో అయితే యోబు 31:1, "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని." కోపమైతే ఎఫెసీ 4:26, 27: సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదు, అపవాదికి చోటివ్వకూడదు. డబ్బు ఆశకి హెబ్రీ 13:5. నిన్నటి తప్పు గుర్తుచేసి "నువ్వు పనికిరావు" అనే లోపలి గొంతుకి రోమా 8:1, "క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు." ఒక అట్ట ముక్క మీద మీ చేత్తో రాసి పర్సులో పెట్టుకోండి. ఉదయం బస్సులో ఒకసారి, పడుకునే ముందు ఒకసారి పెదవులు కదిపి చదవండి. రెండు మూడు వారాల్లో చూడకుండా వచ్చేస్తుంది. "నీ యెదుట నేను పాపము చేయకుండునట్లు నా హృదయములో నీ వాక్యము ఉంచుకొనియున్నాను" అన్న కీర్తనకారుడి మాట ఫోన్లో బైబిల్ యాప్ ఉంటే నెరవేరదు, ఎందుకంటే మీరు పడేది కూడా ఆ ఫోన్లోనే.

ఒక హెచ్చరిక. దేవాలయ శిఖరం మీద అపవాది కూడా లేఖనమే ఎత్తాడు, 91వ కీర్తన నుంచి. "దేవుడు నా మనసు చూస్తాడు", "అందరూ పాపులే కదా" అంటూ మనం చేయాలనుకున్నదానికి వచనం వెతుక్కుంటున్నామంటే, మనం ఎవరి పద్ధతిలో లేఖనం వాడుతున్నామో ఆగి చూసుకోవాలి.

ఆ పది నిమిషాల్లో

ఇన్ని చేసినా ఆ ఘడియ రానే వస్తుంది. అప్పుడు ఇలా చేయండి.

లేవండి. కూర్చున్న చోటు నుంచి, పడుకున్న చోటు నుంచి లేచి, ఆ గదిలోంచి బయటికి రండి. పోతీఫరు భార్య వస్త్రం పట్టుకున్నప్పుడు యోసేపు అది ఆమె చేతిలోనే వదిలేసి బయటికి పారిపోయాడు. మంచి పేరు పోయింది, జైలు పాలయ్యాడు, అయినా ఆగి ఆమెకు వాక్యం చెబుతూ నిలబడలేదు. వ్యామోహం విషయంలో బైబిలు చెప్పేది ఎదిరించమని కాదు, పారిపోమని: "జారత్వమునకు దూరముగా పారిపోవుడి." భయం, అనుమానం, నిందించే తలంపులు వచ్చినప్పుడు మాత్రం పారిపోకూడదు, వాక్యం పట్టుకుని నిలబడాలి. ఏది ఏ రకమో తెలుసుకోక, పారిపోవాల్సిన చోట నిలబడీ, నిలబడాల్సిన చోట పారిపోయీ దెబ్బతింటాం.

చిన్న ప్రార్థన చేయండి, గొంతు విప్పి. నీళ్ళలో మునిగిపోతున్న పేతురు చేసిన ప్రార్థన "ప్రభువా, నన్ను రక్షించుము" అన్నంతే. పొడవైన మాటలు అప్పుడు రావు, అవసరం కూడా లేదు.

శోధనతో వాదన పెట్టుకోకండి. ఏదెనులో హవ్వ సర్పంతో సంభాషణ కొనసాగించడం దగ్గరే కథ మారిపోయింది. "ఒక్కసారికి ఏమవుతుంది" అనే ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెడితే సగం ఒప్పుకున్నట్టే.

తర్వాత ఫోన్ చేయండి లేదా మెసేజ్ పెట్టండి. ఏం రాయాలో ముందే మీ మనిషితో అనుకుని ఉండండి. "అన్నా, ఇప్పుడు కష్టంగా ఉంది" అన్న నాలుగు ముక్కలు చాలు. వివరాలు అక్కర్లేదు. ఆ మెసేజ్ పంపాక పది నిమిషాలు చేతికి పని చెప్పండి: గిన్నెలు కడగండి, బట్టలు మడత పెట్టండి, వీధి చివరిదాకా నడిచి రండి. కోరిక ఎంత గట్టిగా వచ్చినా అదే స్థాయిలో ఎక్కువసేపు నిలవదు. నిలిచేట్టు కనబడుతుంది, అంతే.

ఒక మనిషిని వెతుక్కోండి

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అందరూ దాటవేసేదీ ఇదే. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి, మీరు స్వస్థతపొందునట్లు ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి" అని యాకోబు 5:16 సూటిగా చెబుతోంది. 1738 డిసెంబరులో, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ ఇంగ్లాండులో చిన్న చిన్న గుంపులకి నియమాలు రాసినప్పుడు ఈ వచనాన్నే పునాదిగా పెట్టుకున్నాడు. వారానికోసారి కలవాలి. కలిసినప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో ఇవి ఉన్నాయి: కిందటిసారి కలిసిన తర్వాత తెలిసి చేసిన పాపాలేవి? ఎదురైన శోధనలేవి? వాటి నుంచి ఎలా విడిపించబడ్డావు? మూడో ప్రశ్న నాకు చాలా నచ్చుతుంది. గెలిచినదాని గురించి కూడా చెప్పించే ప్రశ్న అది.

మన సంఘాల్లో ఒక ఇబ్బంది ఉంది. ఒకరికి చెప్పుకున్న సంగతి "ఫలానా వాళ్ళ కోసం ప్రార్థన చేయండి" అనే పేరుతో శుక్రవారం ఉపవాస కూటంలో బయటికొస్తుంది, ఆదివారానికి ఊరంతా తెలుస్తుంది. ఈ భయం వల్లే ఎవరూ నోరు విప్పరు. ఆ భయం అబద్ధం కాదు. కాబట్టి మనిషిని చూసి ఎంచుకోండి. ఇతరుల సంగతులు మీ దగ్గర చెప్పేవాళ్ళు మీ సంగతి ఇతరుల దగ్గర చెబుతారు. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు. మీకన్నా వయసులో కాస్త పెద్ద, సొంత బలహీనతల గురించి నిజాయితీగా మాట్లాడేవాళ్ళు. పాస్టర్ గారో, పాస్టరమ్మ గారో కావచ్చు, కాకపోవచ్చు. కేథలిక్ విశ్వాసులకి గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఉంది, అక్కడ విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదనే నియమం చాలా గట్టిది.

మొదటిసారి చెప్పేటప్పుడు మాట తిప్పకండి. "ఆత్మీయంగా కొంచెం బలహీనంగా ఉన్నాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "అక్కా, అబద్ధం చెప్పి మా ఆయన జేబులోంచి డబ్బులు తీసి చీటీ కడుతున్నాను" అని పేరు పెట్టి చెప్పండి. గొంతు దాటి బయటికి వచ్చేసరికే దాని పట్టు సగం వదులుతుంది.

పడిపోయారా? ఆ రాత్రే లేవండి

పడటం కన్నా, పడ్డాక ఎంతకాలం దూరంగా ఉంటామనేదే ఎక్కువ నష్టం చేస్తుంది. శుభ్రపడ్డాక ప్రార్థిద్దామనుకుని మూడు వారాలు ఆగుతాం. ఈలోగా ఇంకో నాలుగుసార్లు పడతాం.

అదే రాత్రి, వీలైతే అదే గంటలో, మోకాళ్ళ మీదికి రండి. 51వ కీర్తన తెరిచి పైకి చదవండి, నాతాను వచ్చి గద్దించిన తర్వాత దావీదు చేసిన ప్రార్థన అని దాని పైనే ఉంటుంది. చేసిన పాపాన్ని దాని పేరుతో చెప్పండి. "నా పాపాలన్నీ క్షమించు" అని గుంపుగా చెప్పేయకండి. 1 యోహాను 1:9 చదివి, క్షమాపణ అందిందని నమ్మి లేవండి. మీకు ఏమీ అనిపించకపోవచ్చు. ఆ వాగ్దానం మన అనుభూతిని బట్టి లేదు, ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు అన్నదాన్ని బట్టి ఉంది.

ఎవరికైనా నష్టం చేసి ఉంటే దాన్ని సరిదిద్దాలి. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. డబ్బయితే తిరిగివ్వండి, మాటయితే వెళ్ళి క్షమాపణ అడగండి. మర్నాడు మీ మనిషికి చెప్పండి. మీ పుస్తకంలో ఆ నాలుగు వివరాలూ రాయండి.

చాలామంది పడిపోయిన వారం గుడికి రారు, వచ్చినా ప్రభు బల్ల దగ్గరికి రాకుండా వెనక బెంచీలోనే ఉండిపోతారు. పౌలు 1 కొరింథీ 11లో చెప్పింది మనిషి తన్ను తాను పరీక్షించుకోవాలని, "ఆలాగుచేసి" ఆ రొట్టె తిని ఆ పాత్రలోనిది తాగాలని. పరీక్షించుకుని మానేయమని కాదు. అయితే దీని గురించి ఒక్కో సంఘానికి ఒక్కో క్రమం ఉంటుంది కాబట్టి, మీ సంఘ కాపరితో ఆదివారానికి ముందే మాట్లాడండి. గుడి మాత్రం మానకండి.

ప్రార్థన ఎండిపోయిన రోజుల్లో

ఏ పాపమూ ప్రత్యేకంగా లేకపోయినా దేవుడు దూరంగా ఉన్నట్టు, పాటలు చప్పగా, వాక్యం ఎండిన ఆకులా అనిపించే కాలాలు వస్తాయి. ఇది కూడా పోరాటమే, ఎక్కువమంది మౌనంగా అనుభవించే పోరాటం.

ఏలీయా కర్మెలు మీద అంత గొప్ప విజయం తర్వాత, యెజెబెలు బెదిరింపుకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని చచ్చిపోతానని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ముందు గద్దించలేదు, బోధించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి కాల్చిన రొట్టె, నీళ్ళు చూపించాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి కూడా తిండే. మాటలు హోరేబు కొండ దగ్గర, ఆ తర్వాత. అందుకే ఎండిపోయినట్టుంటే ముందు మీ నిద్ర, తిండి చూసుకోండి. తెల్లవారుజామున మూడింటికి లేచి ప్రార్థించే తీర్మానం ఇప్పుడు వద్దు. రోజుకి ఒక కీర్తన, పరలోక ప్రార్థన, అంతే పెట్టుకుని అది మాత్రం మానకండి. మాటలు రాకపోతే 88వ కీర్తన చదవండి. మొదటి నుంచి చివరిదాకా చీకటే, అయినా అది బైబిల్లో ఉంది.

16వ శతాబ్దంలో జెస్యూట్ అనే కేథలిక్ గురువుల సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా ఇలాంటి కాలాలకి ఒక నియమం చెప్పాడు: మనసు కృంగి ఉన్నప్పుడు, అంతకుముందు తేటగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దని. సంఘం మారిపోదాం, పరిచర్య వదిలేద్దాం అనే ఆలోచనలు ఇప్పుడే వస్తాయి. వాటిని పక్కన రాసిపెట్టి, తేటపడ్డాక చూడండి.

శోధన అనుకున్నది ఇంకొకటి కావచ్చు

వారాల తరబడి నిద్ర లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, చనిపోవాలనే ఆలోచనలు రావడం ఉంటే అది విశ్వాసం తక్కువై వచ్చింది అనకండి, దయ్యం అనకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే ప్రభుత్వం తరఫున ఉచితంగా మాట్లాడతారు. ప్రార్థన, మందులు రెండూ పక్కపక్కనే నడుస్తాయి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం కావచ్చు. గుడిలో తీర్మానం చేసుకున్న ఆ వారమే ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళండి.

భర్త కొడుతున్నాడంటే "సహించు, ఇది నీకు శోధన" అని చెప్పడం తప్పు. ఆమెకి ముందు కావాల్సింది భద్రత. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, సంఘంలో రక్షణ ఇవ్వగల ఇల్లు ఉండాలి.

విడుదల ప్రార్థనకి డబ్బులడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అని చెప్పి పంపింది ప్రభువే.

మీ దగ్గరకు ఎవరైనా వచ్చి చెప్పుకుంటే

ఇవన్నీ పాటించేవాళ్ళ దగ్గరికి ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు వస్తారు. టీ తాగుతూ కాసేపు వేరే సంగతులు మాట్లాడి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నీతో ఒక విషయం చెప్పాలి" అంటారు. అప్పుడు మళ్ళీ కూర్చోబెట్టండి. ఫోన్ బోర్లించి పెట్టండి. ఆశ్చర్యం ముఖంలో కనబడనివ్వకండి. పూర్తిగా చెప్పేదాకా వచనం ఎత్తకండి. వివరాలు తవ్వకండి. తప్పులో చిక్కుకున్నవాణ్ణి "సాత్వికమైన మనస్సుతో" మంచి దారికి తేవాలనీ, ఆ చేసేవాడు తానూ శోధింపబడతానేమో అని చూసుకోవాలనీ గలతీ 6:1 చెబుతోంది.

విన్నాక రెండే అడగండి: ఇది ఎక్కువగా ఎప్పుడొస్తోంది? ఈ వారం ఏ ఏర్పాటు చేద్దాం? ఆ ఏర్పాటు ఆయన లేచి వెళ్ళేలోపే చేయించండి, యాప్ తీసేయడమైనా, అప్పుల కాగితం రాయడమైనా. కలిసి రెండు నిమిషాలు ప్రార్థించండి. ఆ సంగతి మీ భార్యకి కూడా, మీ భర్తకి కూడా చెప్పవద్దు. ఒక పసిబిడ్డకో, ఎవరి ప్రాణానికో ప్రమాదముంటే మాత్రం దాచకూడదు, ఆ మాట ఆయనకే ముందు చెప్పండి.

మర్నాడు రాత్రి పదింటికి మీరే ఫోన్ చేయండి. ఆయన చేస్తాడని ఎదురుచూడకండి.